వదిన గొంతుకి తాళం

భావనపాడు రేవులో చేపలు ఎండబెట్టే ఆడవాళ్లందరిలోకీ పోలమ్మది పెద్ద గొంతు. ఆమె పాట ఎత్తుకుంటే వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్లు కూడా ఒక్క క్షణం చేతులాపి తల తిప్పేవారు. ఆమె ఆడపడుచు నూకాలమ్మది వంత. పోలమ్మ పాటలో ప్రశ్న వేస్తే నూకాలమ్మ జవాబు అందుకునేది. పాటలోనే కాదు, బతుకులోనూ వాళ్లిద్దరిదీ అదే వరస. ముందు వదిన, వెనక మరదలు.

పోలమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి నూకాలమ్మ తల్లి లేని పిల్ల. తల దువ్వే దిక్కులేక జుట్టు జడలు కట్టేసి ఉండేది. కొత్త కోడలు వచ్చిన మర్నాడే ఆ పిల్లని గుమ్మంలో కూర్చోబెట్టుకుని, కొబ్బరినూనె పట్టించి, చిక్కులు తీస్తూ తీస్తూ ఓ పాట పాడింది. మందస అవతల సముద్రం ఒడ్డున ఉన్న పుట్టింటినుంచి ఆమె తెచ్చుకున్న పాట అది. వేటకెళ్లిన మగడి కోసం ఒడ్డున నిలబడిన ఆడది పాడే పాట.

"తెరసాప అవుపడదు, తెడ్డు సప్పుడినపడదు
ఏ నీటి మీదున్నాడో నా సామి..."

అక్కడ ఆపి, "ఇప్పుడు నువ్వనాల. 'వత్తాడులే అప్పా, వత్తాడులే' అనాల. అనకపోతే నాను ఏడిసీనట్టే," అంది పోలమ్మ.

నూకాలమ్మ అంది. తలలో చిక్కు లాగినప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరుగుతున్నా, "వత్తాడులే అప్పా" అని గట్టిగా అంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అంటూనే ఉంది. ఆమెకి ఆ ఊళ్లోనే, నాలుగిళ్ల అవతల ధనరాజుతో పెళ్లయింది. ధనరాజూ, పోలమ్మ మగడైన నూకాలమ్మ అన్నా ఊళ్లో చాలామంది మగవాళ్లలాగే బోటు పనికి గుజరాత్ వెళ్లిపోయేవారు. వేరావల్ రేవులో ఎక్కితే మళ్లీ నెలలు గడిచాకే ఇంటిమొహం. వాళ్లు లేని నెలల్లో వదినా మరదళ్లు ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకునేవారు. తెల్లారి రేవుకెళ్లి పడవలనుంచి దిగిన నెత్తళ్లు బుట్టలకెత్తుకొచ్చి, ఇసక మీద పరిచిన వలల మీద ఆరబోసేవారు. ఎండ ఎక్కేకొద్దీ చేపల్ని తిరగేస్తూ పాడుకునేవారు. ఒకసారి నూకాలమ్మ అన్న బోటు తుపానులో చిక్కి, వారం పైగా కబురు లేకుండా పోయింది. ఆ వారమంతా పోలమ్మ నోట పాట లేదు. నూకాలమ్మ మాత్రం చేప తిరగేస్తూ ఆ వంతని ఒక్కతే అంటూ ఉండేది, ముందు పాట లేకుండానే. ఆ బోటు వచ్చింది. తర్వాత కొన్నేళ్లకి అన్న ఒడ్డునే, గుండె ఆగి పోయాడు. వంత ఎంత పాడినా రానివాళ్లు రారని నూకాలమ్మకి అప్పుడే తెలిసింది.

ఉద్దానంలో చాలా ఇళ్లకి వచ్చిన జబ్బే పోలమ్మకీ వచ్చింది. కాళ్లు వాచాయి, ముఖం ఉబ్బింది. పలాసలో పరీక్ష చేసి కిడ్నీలు పోయాయన్నారు. అప్పటికి ఆమె కూతురు కుమారి కాశీబుగ్గలో కాపురం ఉంటూ జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు పని చేసేది. డయాలసిస్‌కి వెళ్లిన రోజుల్లో పోలమ్మ కూతురింట్లో ఉండేది, తక్కిన రోజుల్లో రేవుకి వచ్చేసేది. బుట్ట ఎత్తలేకపోయినా ఇసక మీద కూర్చుని చేపలు తిరగేసేది.

అలాంటి ఓ రోజు ఊరొచ్చిన కుమారి తల్లి ఫోనే తీసుకుని వీడియో తీసింది. పోలమ్మ నీలం చీర కొంగు తలమీదకి లాక్కుని పాడుతోంది. నూకాలమ్మ వీపు మాత్రం కనబడుతుంది; గొంతు వినబడుతుంది. వెనక అలలు. ఎక్కడో ఓ కాకి. కుమారి "పోలమ్మ పాటలు" అని ఛానల్ పెట్టి ఆ వీడియోని అందులో ఎక్కించింది. తల్లి పేరు, తల్లి ఫోను నంబరు ఇచ్చి ఖాతా తెరిచింది. వీడియో చూసి సోంపేట నుంచి ఎవరో, సూరత్ నుంచి ఇంకెవరో "అమ్మా, మా అమ్మమ్మ పాడేది" అని రాస్తే కుమారి చదివి వినిపించేది. పోలమ్మ సిగ్గుపడుతూ మళ్లీ చదవమనేది.

ఆ రోజుల్లోనే ఊళ్లో చాలామందికి దొంగ ఫోన్లు వచ్చేవి. బ్యాంకు నుంచి అంటూ నంబర్లు అడిగేవాళ్లు. కుమారి భయపడి తల్లి ఫోనుకి తాళం పెట్టింది. ఉప్పు చేపలు ముట్టి ముట్టి పోలమ్మ వేళ్లు అరిగిపోయి ఉండేవి. రేషను డిపోలోనే మిషను ఆమె వేలిని ఓ పట్టాన ఒప్పుకునేది కాదు. ఫోను మాత్రం ఒప్పుకుంటుందా? అందుకని చుక్కల మీద గీత గీసి తెరుచుకునే తాళం పెట్టారు.

"ముగ్గునాగుంది. నానే గీసుకుంటాను, నువ్వు సూడకు," అంది పోలమ్మ కూతురితో. ఎవరికీ చెప్పొద్దని కూతురే కదా చెప్పింది. ఎవరికీ చెప్పలేదు.

ఓ వానాకాలం ఆసుపత్రి మంచం మీదే పోలమ్మ కన్నుమూసింది.

ఏడాది కర్మలు అయ్యాయి. నూకాలమ్మ రేవుకి వెళ్లడం మానలేదు. కానీ పక్కన చోటు ఖాళీ. తనతో పాటు పనిచేసే ఆడవాళ్లు "ఓ పాట పాడు పిన్నీ" అంటే, "నాకు రాదే, నాది వంతే" అనేది. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానం చేసి, గుమ్మంలో కూర్చుని తన ఫోన్లో ఆ వీడియో పెట్టుకునేది. వేరావల్ నుంచి ధనరాజు ఫోన్ చేసినప్పుడు వెనక ఆ పాట వినబడితే, "మీ వదినతో ఉన్నావా? మరి ఎనక సేత్తానులే," అని పెట్టేసేవాడు. ఆమె చూస్తూ చూస్తూ తన వంత దగ్గరికి వచ్చేసరికి ఫోనులోని తన గొంతుతో పాటు తనూ అందుకునేది. ఆ కాసేపూ చిక్కులు తీసే చేయి తలమీద ఉన్నట్టే అనిపించేది.

అదే ఏడు ఎక్కడో ఓ పెద్ద ఊరి పాటల కంపెనీ అదే పాటని డప్పులు, కీబోర్డు పెట్టి ఎవరో అమ్మాయిచేత పాడించి విడుదల చేసింది. టెక్కలిలో ఆటోల్లో, పెళ్లి ఊరేగింపుల్లో అదే పాట. మొదటిసారి విన్నప్పుడు నూకాలమ్మ సంబరపడిపోయింది. చేపల తట్ట దింపి, పక్కావిడ భుజం పట్టుకుని, "ఓలమ్మా, మా వదిన పాటే ఇది! సూడు, పట్నం దాకా ఎల్లిపోనాది," అంది. ఆ పాట ఎవరికీ చెందినది కాదనీ, అందరిదీననీ ఆమె నమ్మకం. అందరిదీ అయినది ఒకరి సొంతం ఎలా అవుతుందో ఆమెకి ఆ వేళ తోచలేదు.

ఓ సాయంత్రం అలవాటుగా వీడియో నొక్కింది. పోలమ్మ కనబడలేదు. నల్లటి తెర, దానిమీద తెల్లటి అక్షరాలు. నూకాలమ్మకి చదువు రాదు. నెట్ లేదేమో అనుకుంది. ఆపి మళ్లీ పెట్టింది. గుమ్మంలోంచి లేచి కొబ్బరితోట వైపు సిగ్నలు కోసం నడిచింది. అక్కడా అదే నలుపు. కుమారికి ఫోన్ చేసింది.

"ఒలే కుమారీ, మీ యమ్మ అవుపడట్లేదే."

కుమారి తన ఫోన్లో తెరిచి ఆ అక్షరాలు చదివింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "అత్తా, ఆ కంపెనీ ఓలు మనమీద ఫిర్యాదు పెట్టినారంట. ఆల్ల పాటని మనం దొంగిలించి పెట్టినామంట. కాపీరైటు అంటారు. అందుకని ఆపీసినారు."

"ఎవలు దొంగిలించినారు? మీ యమ్మా?"

"మనుసులు సూసి సెప్పింది కాదత్తా. మిషనే రెండు పాటలూ పోల్సి సూసి సెప్పీసినాది."

"ఆ మిషనుకి సెప్పు. నాను సిన్నప్పటినుంచి పాడతన్నానని సెప్పు."

కుమారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. చెప్పడానికి దారి ఉంది, కానీ అది ఖాతా గలవాళ్లే చెప్పాలి. ఖాతా పోలమ్మది. లోపలికి వెళ్లాలంటే ఆమె ఫోనుకి ఓ నంబరు పంపుతామంటుంది ఆ కంప్యూటరు. ఆమె సిమ్ము రీచార్జీ లేక ఎప్పుడో ఆగిపోయింది. కొత్త సిమ్ము ఇవ్వమంటే మనిషి రావాలి, వేలిముద్ర వేయాలి అన్నారు దుకాణంలో. మనిషి లేదంటే, ఆ కాగితం తెండి, ఈ కాగితం తెండి అన్నారు. అన్నీ పట్టుకెళ్లేసరికి, ఆ నంబరు ఇప్పుడు ఇంకెవరికో ఇచ్చేశాం అన్నారు.

"పోనీ ఆ వీడియో తీసిన ఫోన్లో ఉంటాది గదా," అంది నూకాలమ్మ. అది నిజమే. పోలమ్మ ఫోను కుమారి బీరువాలో ఉంది. మర్నాడే నూకాలమ్మ ఆటో ఎక్కి టెక్కలి, అక్కణ్నుంచి బస్సెక్కి కాశీబుగ్గ వెళ్లింది. ఫోను ఛార్జింగు పెట్టారు. వెలిగింది. తెర మీద తొమ్మిది చుక్కలు.

ఆ రోజు మేనత్తా మేనకోడళ్లిద్దరూ తిండి మాట మరిచిపోయారు. పోలమ్మ గుమ్మం ముందు వేసే ముగ్గులన్నీ నూకాలమ్మ నేలమీద వేలితో గీసి చూపించింది. పడవ ముగ్గు, చేప ముగ్గు, గంగమ్మ పండగనాడు వేసేది. కుమారి ఒక్కోటీ ఫోను మీద గీసింది. నాలుగు తప్పులయ్యాక ఫోను కాసేపు ఆగమంది. ఆగారు. ఇంకో తప్పుకి ఇంకాసేపు ఆగమంది. ఆగుతున్నంతసేపూ నూకాలమ్మ కళ్లు మూసుకుని, వదిన చూపుడువేలు గాజుమీద ఎటు కదిలేదో గుర్తు తెచ్చుకుందామని చూసింది. వేలు కనబడింది. వేలికి అంటుకున్న పొలుసు కనబడింది. గీత కనబడలేదు.

చివరికి కాశీబుగ్గ మెయిన్‌రోడ్డులో ఫోన్లు బాగుచేసే యుగంధర్ దగ్గరికి పట్టుకెళ్లారు. అతను పోలమ్మని ఎరిగినవాడే. ఛార్జరు పాడైతే అతని దగ్గరే మార్పించుకునేది.

"తెరవగలను పిన్నీ. కానీ తెరిస్తే లోపలున్నవన్నీ చెరిగిపోతాయి. కొత్త ఫోనులా అయిపోద్ది," అన్నాడు.

"సెరిగిపోతే మరి తెరిసి ఏటి లాభం, బాబూ?"

"ఏం లాభం లేదు. దొంగలెత్తుకెళ్లినా వస్తువులు దక్కకూడదని అలా కట్టారు."

"మేం దొంగలం కాదు గదా."

యుగంధర్ తలొంచుకున్నాడు. "దానికి తెలీదు కదా పిన్నీ."

నూకాలమ్మ ఫోను కొంగున కట్టుకుంది. బస్సు ఎక్కేముందు, "ఓ గది తాళం పోనాదనుకో, తలుపు బద్దలుకొడతాం. గదిలో సామాను ఉంటాది. ఇదేటే, తలుపు కొడితే సామానే పోతాదంట," అంది.

తర్వాత రోజులు అలా గడిచాయి. నూకాలమ్మ రేవులో చేపలు తిరగేస్తూ ఓ పని కనిపెట్టుకుంది. పాటని మనసులో మొదటినుంచి చివరిదాకా చెప్పుకోవడం. మొదటి చరణం వచ్చింది. రెండోది వచ్చింది, పొయ్యిలో నిప్పారిపోయిందని పాడేది. మూడోది దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది. ఇన్నేళ్లు వంత పాడింది కదా, ముందున్న మాటని ఎన్నడూ పట్టించుకోలేదు. వదిన పాడుతుందిలే అన్న ధీమా. ఆ చోట ఇప్పుడు అలల హోరు తప్ప ఏమీ లేదు. పట్నం అమ్మాయి పాడిన పాటలో చూద్దామంటే, అందులో మూడో చరణమే లేదు. దాని చోట డప్పులున్నాయి. నూకాలమ్మకి వదిన మరోసారి చనిపోయినట్టయింది. ఈసారి తన మతిమరుపు వల్ల.

కుమారి మాత్రం ఊరుకోలేదు. ఓ ఆదివారం ఇల్లు సర్దుతుంటే అద్దం పగిలిన తన పాత ఫోను దొరికింది. ఒకప్పుడు అమ్మ ఛానల్‌ని అందులో కూడా తెరిచినట్టు గుర్తొచ్చింది. ఛార్జింగు పెడితే వెలిగింది. ఛానల్ తెరిచే ఉంది! వీడియోని దింపుకుందామని చూసింది. ఫిర్యాదు ఉన్న వీడియో దిగదంది. సరే, ఫిర్యాదు తప్పని రాద్దామని కూర్చుంది. ఇది మా ఊళ్లో తరతరాలుగా పాడుతున్న పాట, పాడింది మా అమ్మ, ఇప్పుడు లేదు, అని రాసింది. కొన్నాళ్లకి కంపెనీ నుంచి, ఒప్పుకోము అని సమాధానం వచ్చింది. ఇంకా పోరాడతానంటే పేరు, చిరునామా ఇచ్చి, కోర్టుకి రావడానికి సిద్ధమని రాయాలి. వద్దనుకుంటే ఇంకో దారి ఉంది. పాట మాట వినబడకుండా శబ్దం తీసేస్తే, బొమ్మని మాత్రం చూడనిస్తారు.

కుమారి ఫోన్లో అంతా చెప్పింది. "కోర్టులూ అయ్యీ మనకెందుకు, పెద్దోలు పెద్దోలు కొట్టుకోవాల గాని అంతన్నారు మా ఆయన, అత్తా. నాకేటీ తోచట్లేదు. శబ్దం తీసీమంటే అమ్మ గొంతుని నానే నొక్కీసినట్టుంటాది."

అవతల ఫోనులో ఫ్యాక్టరీ మిషన్ల చప్పుడు వినబడుతోంది.

"మొకం అవుపడతాదా?"

"అవుపడతాదత్తా."

"అయితే శబ్దం ఒగ్గీ. నోరు మూసినా మొకం సూపించు. నాకు మొకం సూడాలనుంది."

రెండు రోజులకి వీడియో తెరుచుకుంది. నూకాలమ్మ దాన్ని ఒంటరిగా చూడలేకపోయింది. కాశీబుగ్గ వెళ్లి కుమారి పక్కన చాప మీద కూర్చుంది. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడుతోంది. నీలం చీర, తలమీద కొంగు. పోలమ్మ నోరు తెరిచింది. శబ్దం లేదు. అలలు లేవు, కాకి లేదు. గాజు వెనక నుంచి పిలుస్తున్న మనిషిలా ఉంది. కుమారి మొహం తిప్పేసుకుంది.

నూకాలమ్మ తిప్పుకోలేదు. ఆ పెదాలనే చూస్తూ ఉంది. మొదటి చరణం పెదాలమీద గుర్తుపట్టింది. రెండోదీ గుర్తుపట్టింది. మూడోది వచ్చింది. పోలమ్మ పెదాలు కలుసుకుని విడిపోయాయి. మళ్లీ కలుసుకున్నాయి. మళ్లీ.

"ఆపు," అంది నూకాలమ్మ. "ఎనక్కి తిప్పు."

కుమారి తిప్పింది. మళ్లీ పెదాలు కలిశాయి.

"మ," అంది నూకాలమ్మ. "మ అంతంది సూడు. మొ... మొగిలి. మొగిలి డొంక!"

ఆ పెదాల వెంట నూకాలమ్మ పెదాలు కదిలాయి. ఎన్నడూ ముందుపాట పాడని మనిషి, చాప మీద కూర్చుని పైకి పాడింది.

"మొగిలి డొంకకాడ మొకము కడిగొచ్చాను
మోగేటి అలలైనా మాటాడవేల..."

పాడి, ఆగింది. వంత కోసం చూసింది. ఇన్నేళ్లూ వంత పాడింది తనే కదా. కుమారికి అర్థం కావడానికి కాస్త పట్టింది. తర్వాత ఫ్యాక్టరీ దుమ్ముకి బొంగురుపోయిన గొంతుతో, "వత్తాడులే అప్పా," అంది. శ్రుతి తప్పింది. నూకాలమ్మ మేనకోడలి చేయి పట్టుకుని ఏడ్చింది. వదిన పోయిన రోజున కూడా అంతగా ఏడవలేదు.

సాయంత్రం కుమారి హుషారుగా అంది. "అత్తా, మూడు సరణాలూ నువ్వు పాడు. నాను తీత్తాను. ఎక్కడా ఎక్కించను, మన ఫోన్లలోనే ఉంచుకుందాం."

నూకాలమ్మ కాదనలేదు. పాడింది, కుమారి తీసింది. పెట్టి చూపిస్తే శ్రద్ధగా విన్నది. అంతా సరిగ్గానే ఉంది. మాటలు పోలేదు, వరస పోలేదు. విని ఫోను తిరిగిచ్చేసింది.

"ఏటత్తా, బాగునేదా?"

"బాగుందే. పాట దొరికింది." నూకాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నాకు కావాల్సింది పాట ఒక్కటే కాదే. మీ యమ్మ పాడతా పాడతా మజ్జిలో దగ్గేది గుర్తుందా? దగ్గి, నవ్వీసి, మల్లీ అందుకునేది. ఆ దగ్గు కావాల నాకు. అది నాను పాడితే రాదు."

కుమారి అత్తకి టీ పెట్టిచ్చి, బస్సు దాకా వెళ్లి సీటు చూసి కూర్చోబెట్టింది.

ఫిర్యాదు ఇంకా అలాగే ఉంది. ఎప్పటికైనా ఆ కంపెనీ వాళ్లు మనసు మార్చుకుంటే శబ్దం తిరిగి పెట్టొచ్చని కుమారి అంటుంది. ఆమె నెలకోసారి ఓ విన్నపం రాస్తుంది. జవాబు వస్తే వస్తుంది, లేకపోతే లేదు. రేవులో ఇప్పుడు నూకాలమ్మని ఆడవాళ్లు పాడమంటే పాడుతుంది. గొంతు చిన్నది, గాలి ఎక్కువైతే వినబడదు. దగ్గరగా జరిగి కూర్చోమంటుంది వాళ్లని. చేపలు పరుస్తూ వాళ్లు దగ్గరికి జరుగుతారు. ఎవరైనా కొత్తగా పనిలోకి వచ్చిన పిల్ల "ఈ పాట డీజేలో ఇన్నాను పిన్నీ" అంటే, నూకాలమ్మ కోపగించుకోదు. "అది సగమే," అంటుంది. "ఇలా రా, కూకో. తక్కింది సెప్తాను."